చూస్తూ కొట్టే కిరణం

కృష్ణాష్టమినాడు ఉట్టి కొట్టే వేడుక మీలో చాలామంది చూసే ఉంటారు. వీధి మధ్య గుంజలు పాతి, పైనుంచి తాడు వేసి, దానికి ఉట్టి కడతారు. ఒకడు తాడు పట్టుకుని ఉట్టిని పైకీ కిందికీ లాగుతూ ఉంటాడు. కొట్టేవాడు కర్ర ఎత్తేసరికి ఉట్టి పైకి పోతుంది. కర్ర దించేసరికి కిందికి వస్తుంది. అది చాలదన్నట్టు చుట్టూ ఉన్నవాళ్ళు వాడి మొహాన నీళ్ళు చల్లుతారు. వాడు కళ్ళు తుడుచుకుంటూ, ఉట్టి ఎక్కడ ఉన్నదో ఊహించి కర్ర విసురుతాడు. తగిలితే సరి; తగలకపోతే పక్కనున్నవాడి బుర్ర జాగ్రత్త!

ఈ ఉట్టిని జ్ఞాపకం పెట్టుకోండి. దీనితో మనకు పని ఉన్నది.

నేను బడినుంచి విరమించుకున్నాక, సాయంత్రంవేళ మా అరుగుమీద వీధిపిల్లలకు లెక్కలు చెబుతున్నాను. వాళ్ళలో ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు వరసగా నాలుగు రోజులు రాలేదు. అయిదోనాడు వచ్చి, అందరికీ దూరంగా గోడవార కూర్చున్నాడు. చిత్రమేమంటే, తక్కిన పిల్లలు కూడా వాడికి ఎడంగా జరిగి కూర్చున్నారు. కారణం అడిగితే ఎవరూ పలకలేదు. అందరూ వెళ్ళిపోయాక వాడు నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, మా తాతయ్యకు కాన్సరట. అది నాకూ అంటుకుని ఉంటుందని వీళ్ళు నా పక్కన కూర్చోవటం లేదు. వచ్చేవారం తాతయ్యకు హైదరాబాదులో కరెంటు పెడతారట. కరెంటు పెడితే మనిషి బతుకుతాడా, మాస్టారూ?" అని వాడు ఏడ్చేశాడు.

వాడు అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు నాకు తెలుసు. మర్నాడు పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పాను.

మన శరీరం కోట్లాది జీవకణాలతో కట్టిన ఇల్లు. కణాలు పాతబడి చస్తూ ఉంటాయి. ఉన్న కణాలు రెండుగా చీలి, పోయినవాటి చోటు నింపుతూ ఉంటాయి. ఎప్పుడు చీలాలో, ఎప్పుడు ఆగాలో ప్రతి కణానికీ ఒక కట్టుబాటు ఉన్నది. ఎక్కడో ఒక కణం ఆ కట్టుబాటు తప్పి, ఆగకుండా చీలటం మొదలుపెడితే, దాని సంతానమంతా గుంపుగా పెరిగి గడ్డ కడుతుంది. పక్కనున్న మంచి కండలోకి చొచ్చుకుపోతుంది. మన పెద్దలు రాచపుండు అన్నది దీన్నే. ఇది ఒక మనిషి ఒంట్లో వాడి కణాలే దారితప్పి చేసే పని. తాకితే అంటుకోదు, ఒక కంచంలో తింటే అంటుకోదు, పక్కన కూర్చుంటే అసలే అంటుకోదు.

ఈ మాట విని పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లగా గోడవైపు జరిగి వాడి పక్కన కూర్చున్నారు.

ఇక రెండో ప్రశ్న. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, తెలియనిది తెలిసినట్టు చెప్పలేను. అందుచేత పెద్దాయనకు తోడుగా నేనూ హైదరాబాదు వెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ చాలా ఓపికగా అన్నీ వివరించింది. ఆవిడ చెప్పినదీ, తరవాత నేను చదివి తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

"కరెంటు పెట్టడమనేది జనం వాడుక, మాస్టారూ. రోగి ఒంట్లోకి కరెంటు పోదు. పోయేవి ఎక్సు కిరణాలు. విరిగిన చెయ్యి ఫోటో తీసే కిరణాలే, కాకపోతే చాలా ఎక్కువ శక్తి గలవి," అన్నది ఆవిడ.

ఎక్సు కిరణాలను 1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో రంట్‌గెన్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఆయన తన భార్య చేతి ఎముకలను, వేలి ఉంగరంతో సహా ఫోటో తీశాడు. ఆ కిరణాలు ఏమిటో తెలియక వాటికి "ఎక్సు" అని పేరు పెట్టాడు. మనం లెక్కల్లో తెలియని సంఖ్యను ఎక్సు అనుకుంటాం చూడండి, అలాగన్నమాట! భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమానం 1901లో ఆయనకే ఇచ్చారు.

ఈ కిరణాలు కణాలకు హాని చేస్తాయని త్వరలోనే తెలిసింది. ప్రతి కణంలోనూ డి. ఎన్. ఏ. అనే పొడుగాటి దారం ఉంటుంది. కణం ఎలా బతకాలో, ఎలా చీలాలో అంతా అందులో రాసి ఉంటుంది. బలమైన ఎక్సు కిరణాలు ఆ దారాన్ని తెంపుతాయి. దారం తెగితే కణం చీలలేక చస్తుంది. అయితే కిరణానికి మంచి కణమూ, చెడ్డ కణమూ అన్న భేదం తెలియదు. కాని ఒక తేడా ఉన్నది. మంచి కణాలు తెగిన దారాన్ని చాలావరకు బాగుచేసుకోగలవు. దారితప్పిన కణాలకు ఆ నేర్పు తక్కువ. అందుకే డాక్టర్లు కిరణాలను ఒక్కసారిగా ఇవ్వక, కొన్ని దినాలపాటు కొంచెం కొంచెంగా ఇస్తారు.

రెండో ఉపాయం మరొకటి ఉన్నది. చీకటిగదిలో నలుగురు నాలుగు మూలలనుంచి టార్చిలైట్లు ఒకేచోటికి వేశారనుకోండి. ఒక్కొక్క కాంతి పలచగా ఉంటుంది. నాలుగూ కలిసినచోట మటుకు దట్టంగా ఉంటుంది. అలాగే ఎక్సు కిరణాలను చాలా దిక్కులనుంచి, అన్నీ గడ్డమీదనే కలిసేటట్టు పంపుతారు. దారిలో ఉన్న కండకు తగిలేది కొంచెం. గడ్డకు తగిలేది చాలా ఎక్కువ.

ఈ కిరణాలను పుట్టించే యంత్రం పేరు లీనియర్ యాక్సిలరేటరు. అందరూ దాన్ని లీనాక్ అంటారు. ఎలక్ట్రాన్లను ఇంచుమించు కాంతివేగంతో పరుగెత్తించి, టంగ్‌స్టన్ లోహానికి ఢీకొట్టిస్తే బలమైన ఎక్సు కిరణాలు వెలువడతాయి. 1953లో లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో ఇటువంటి యంత్రంతో చికిత్స మొదలయింది. 1956లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో డాక్టర్ హెన్రీ కాప్లన్ రెండేళ్ళ పసివాడి కంటిలో ఉన్న కాన్సరుకు ఈ కిరణాలిచ్చాడు. కాన్సరు మూలంగా వాడికి అప్పటికే ఒక కన్ను పోయింది. రెండో కన్ను దక్కింది, చూపూ నిలిచింది.

"మరి ఇంకేం? గడ్డ ఎక్కడున్నదో చూసి కిరణం వేస్తే సరిపోయె!" అంటారు మీరు. నేనూ అలాగే అన్నాను. డాక్టరమ్మ నవ్వి, "మీ కుడిచెయ్యి డొక్కమీద పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చండి," అన్నది.

మీరూ పెట్టుకుని చూడండి. చెయ్యి కదిలింది కదూ? ఊపిరి పీల్చినప్పుడల్లా ఊపిరితిత్తుల కింద ఉన్న పొర కిందికి దిగుతుంది. దానితోపాటు కాలేయం కూడా దిగుతుంది. ఊపిరి వదిలితే పైకి వస్తుంది. ఈ రాకపోకలు ఒక సెంటీమీటరు, ఒక్కోసారి రెండు సెంటీమీటర్లు కూడా ఉంటాయి. మా పెద్దాయన గడ్డ కాలేయంలోనే ఉన్నది. అంతేకాదు, నిన్న ఖాళీగా ఉన్న కడుపు ఈవేళ నిండి ఉండవచ్చు. పేగులు పక్కకు జరగవచ్చు. అంటే గడ్డ ఉట్టిలాగా పైకీ కిందికీ ఊగుతూ ఉంటుందన్నమాట! పైగా అది కంటికి కనపడదు.

మరి ఇన్నాళ్ళూ డాక్టర్లు ఏం చేస్తూ వచ్చారు? గడ్డ కాస్త అటూ ఇటూ జరిగినా తప్పిపోకుండా, దాని చుట్టూ ఉన్న మంచి కండను కూడా కొంత కలుపుకుని కొడుతూ వచ్చారు. కలుపుకునేది కొన్ని మిల్లీమీటర్లే గదా అనకండి. పైతరగతుల పిల్లలు కాగితం, పెన్సిలు తీసుకోండి.

గడ్డ 4 సెంటీమీటర్ల అడ్డుకొలత గల బంతి అనుకుందాం. దాని ఘనపరిమాణం సుమారు 33.5 ఘన సెంటీమీటర్లు. చుట్టూ 5 మిల్లీమీటర్లు కలుపుకుంటే అడ్డుకొలత 5 సెంటీమీటర్లు అవుతుంది, ఘనపరిమాణం 65.4 అవుతుంది. అంటే గడ్డ ఎంత ఉన్నదో, ఇంచుమించు అంత మంచి కండ కూడా దెబ్బతింటుంది! చుట్టూ 2 మిల్లీమీటర్లే కలుపుకుంటే మొత్తం 44.6 మాత్రమే. అప్పుడు దెబ్బతినే మంచి కండ 32నుంచి 11కు తగ్గుతుంది. అయిదుకూ రెండుకూ మధ్య మూడు మిల్లీమీటర్లే తేడా. కాని కండలో తేడా మూడింట రెండు వంతులు.

ఆ కండ విలువ ఏమిటో నాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రితం మా బడిలో తెలుగు పండితులు ఒకరుండేవారు. పద్యం ఎత్తుకుంటే వీధిలో పోయేవాళ్ళు నిలబడి వినేవారు. ఆయనకు గొంతులో కాన్సరు వచ్చింది. కిరణాలతో కాన్సరు నయమయింది. ఆయన ఆ తరవాత పదకొండేళ్ళు బతికారు. కాని గొంతుతోపాటు లాలాజలం ఊరే గ్రంథులు కూడా ఆ కిరణాలకు దెబ్బతిన్నాయి. నోరు ఎండిపోయేది. రెండు మాటలకొకసారి మరచెంబులో నీళ్ళు గుక్కెడు తాగేవారు. ఆ తరవాత ఆయన నోట పద్యం వినలేదు. అది ఎవరి తప్పూ కాదు. అప్పటికి ఉన్న సాధనం అది. ప్రాణం కాపాడింది గనక దానికి దణ్ణం పెట్టవలసిందే. కాని ప్రాణంతోపాటు పద్యం కూడా దక్కితే ఎంత బాగుండేది!

కావలసింది ఏమిటంటే, కిరణం వేస్తున్నంతసేపూ గడ్డను చూస్తూ ఉండాలి. దేనితో చూడాలి? ఎక్సు కిరణాల ఫోటోలో ఎముకలు చక్కగా కనిపిస్తాయి. మెత్తటి అవయవాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు మసకగా ఉంటాయి. మెత్తటి కండను విడివిడిగా చూపేది ఎం. ఆర్. ఐ. యంత్రం. అది పనిచేసేది ఎక్సు కిరణాలతో కాదు, అయస్కాంతంతో.

మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. నీటిలో ఉదజని, అంటే హైడ్రోజను, ఉన్నది. ఉదజని పరమాణువు నడుమ ఉండే ప్రోటాను చిట్టి బొంగరం లాంటిది. చిట్టి అయస్కాంతం కూడాను. మామూలుగా ఇవి తలా ఒక దిక్కుగా ఉంటాయి. మనిషిని పెద్ద అయస్కాంతంలో పెడితే, ఆ అయస్కాంతపు దిక్కుగా తలతిప్పే ప్రోటానుల సంఖ్య కాస్త ఎక్కువవుతుంది. ఈ యంత్రాల్లో చాలావాటికి బలం 1.5 టెస్లాలు, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు!

బొంగరం తిరుగుతూ తల ఎలా ఊపుతుందో చూశారు గదా? ఈ ప్రోటానులు కూడా అలాగే తల ఊపుతాయి. సెకనుకు సుమారు 6 కోట్ల 40 లక్షల సార్లు! సరిగ్గా అదే లెక్కలో ఊగే రేడియో తరంగాన్ని పంపితే అవి దాని శక్తి తీసుకుని పక్కకు ఒరుగుతాయి. ఉయ్యాలను దాని ఊపుకు సరిపడా తోస్తేనే అది పైకి లేస్తుంది; వేళ తప్పి తోస్తే లేవదు. ఇదీ అంతే. తరంగం ఆపగానే ప్రోటానులు మెల్లగా యథాస్థితికి వస్తాయి. వస్తూ వస్తూ తామే సన్నని రేడియో తరంగాన్ని వదులుతాయి. నీటిలో ఒక వేళకు, కొవ్వులో ఒక వేళకు, గడ్డలో మరొక వేళకు సర్దుకుంటాయి. ఆ తేడాలను పట్టుకుని కంప్యూటరు బొమ్మ కడుతుంది.

ప్రోటానుల ఈ గుణాన్ని 1946లో బ్లాక్, పర్సెల్ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కనిపెట్టి, 1952లో నోబెల్ బహుమానం పంచుకున్నారు. 1973లో లాటర్‌బర్ అనే ఆయన దీనితో మొదటిసారి బొమ్మ కట్టి చూపాడు. ఆ బొమ్మ దేనిదో తెలుసా? రెండు సన్నని గొట్టాల్లో పోసిన నీళ్ళది! ఆయనకూ, ఇంగ్లండుకు చెందిన మాన్స్‌ఫీల్డుకూ 2003లో నోబెల్ బహుమానం వచ్చింది.

సరే, చూసే యంత్రం ఒకటి ఉన్నది. కొట్టే యంత్రం ఒకటి ఉన్నది. రెండూ కలిపేస్తే సరి. కాని ఆ రెంటికీ పుట్టుకతో వైరం! అయస్కాంతం పక్కన ఎలక్ట్రాన్లు తిన్నగా పరుగెత్తవు, దారి వంగిపోతాయి. అప్పుడు లీనాక్ పని పాడవుతుంది. లీనాక్ నడిచేటప్పుడు పుట్టే రేడియో అలజడి ఎం. ఆర్. ఐ. వినే సన్నని సంకేతాన్ని ముంచేస్తుంది. కచేరీ జరిగే హాలులో పిండిమర పెట్టినట్టు!

ఈ వైరం తీర్చటానికి చాలాచోట్ల శాస్త్రజ్ఞులు పాటుపడ్డారు. అమెరికాలో ఒక ఉపాయం చేశారు. లీనాక్‌కు బదులు కోబాల్టు లోహం వాడారు. రేడియోధార్మిక కోబాల్టునుంచి కిరణాలు వాటంతట అవే వస్తాయి. ఎలక్ట్రాన్లను పరుగెత్తించే పనే లేదు గనక పోట్లాటే లేదు. ఇటువంటి యంత్రంతో 2014లో సెయింట్ లూయిస్ నగరంలో రోగులకు చికిత్స మొదలుపెట్టారు. తరవాత అదే తరహా యంత్రంలో కోబాల్టు తీసేసి లీనాక్ అమర్చారు.

కెనడాలోని ఎడ్మంటనులోనూ, నెదర్లాండ్సులోని యూట్రెక్టులోనూ మొదటినుంచీ లీనాక్‌తోనే ప్రయత్నించారు. యూట్రెక్టులో లాగెండైక్, రాయ్‌మేకర్స్ అనేవారు, తోటివారు ఈ శతాబ్ది మొదట్లో పని ప్రారంభించారు. అయస్కాంతం చుట్టూ ఎదురు చుట్టలు పెట్టి, లీనాక్ ఉండే చోట అయస్కాంత బలం దాదాపు లేకుండా చేశారు. అయస్కాంతపు తీగచుట్టలను నడుమ కొంచెం ఎడం చేసి కిరణానికి దారి ఇచ్చారు. అలజడి లోపలికి రాకుండా లోహపు పంజరం అమర్చారు. ఎక్సు కిరణాలకు విద్యుదావేశం లేదు గనక అయస్కాంతం వాటిని వంచలేదు. 2009నాటికి, కిరణం వెలువడుతూ ఉండగానే మంచి బొమ్మ తీయవచ్చునని నిరూపించారు. 2017 మే నెలలో మొదటి రోగికి చికిత్స చేశారు. అటువంటి యంత్రాన్నే ఎం. ఆర్. లీనాక్ అంటున్నారు. అది మన హైదరాబాదుకూ వచ్చింది.

ఇక మా పెద్దాయన సంగతి. లోపలికి పోయేముందు ఆయన దగ్గరున్న తాళంచెవులు, చిల్లర డబ్బులు, మొలతాడుకున్న తాయెత్తు, అన్నీ తీసేయించారు. ఇనుము ఉంటే అయస్కాంతం లాగేస్తుంది. చెవులకు చప్పుడు వినపడకుండా మూతలు పెట్టారు. బల్లమీద పడుకోబెట్టి గుండ్రని సొరంగంలాంటి దానిలోకి పంపారు. మేము బయట ఉన్నాం.

ముందు ఆనాటి బొమ్మ తీశారు. గడ్డ, కడుపు, పేగులు ఆ పూట ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి డాక్టరమ్మ కంప్యూటరుమీద గీతలు దిద్దింది. కిరణాలు ఏ దిక్కునుంచి ఎంతెంత రావాలో కంప్యూటరు మళ్ళీ లెక్క కట్టింది. భౌతికశాస్త్రజ్ఞుడొకడు ఆ లెక్క సరిచూశాడు. అప్పుడు కిరణం మొదలయింది. తెరమీద గడ్డ ఊపిరితోపాటు పైకీ కిందికీ కదలటం కనిపిస్తూనే ఉంటుందట. అది గీసిన గీత దాటిందంటే కిరణం దానంతట అదే ఆగిపోతుంది. గీతలోకి రాగానే మళ్ళీ మొదలవుతుంది. ఉట్టి అందేటంత కిందికి వచ్చినప్పుడే కర్ర ఎత్తటమన్నమాట!

మొత్తం ముప్పావుగంట పట్టింది. పెద్దాయన బయటికి రాగానే మనవడికి ఫోను చేసి, "కరెంటూ లేదు, కాకరకాయా లేదురా! డప్పుల మోతలాగా ఒకటే చప్పుడు. కునుకు పట్టింది," అన్నాడు.

ఈ యంత్రం వల్ల నిజంగా మేలు ఉన్నదా అని మీరడగాలి. ఏది విన్నా అలా అడగటమే శాస్త్రం. అమెరికాలో లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేటు గ్రంథిలో కాన్సరు వచ్చిన 156 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు పాత పద్ధతిలో చుట్టూ 4 మిల్లీమీటర్లు కలుపుకుని, రెండో జట్టుకు ఎం. ఆర్. ఐ. చూస్తూ 2 మిల్లీమీటర్లే కలుపుకుని కిరణాలిచ్చారు. మొదటి జట్టులో నూటికి 43 మందికి మొదటి మూడు నెలల్లో మూత్రబాధలు చెప్పుకోదగినంతగా కలిగాయి. రెండో జట్టులో నూటికి 24 మందికే. ఈ ఫలితం 2023లో ప్రకటించారు.

అయితే ఇది మంత్రదండం కాదు. యంత్రం చాలా ఖరీదు. ఒక్కొక్క రోగికి చాలాసేపు పడుతుంది. ఒంట్లో కొన్ని రకాల లోహపు పరికరాలు ఉన్నవారికి పనికిరాదు. చాలామందికి మామూలు లీనాకే చక్కగా సరిపోతుంది. ఎవరికి ఏది తగునో డాక్టర్లు నిర్ణయించాలి. తల్లిదండ్రులకు ఒక మాట: చుట్ట, బీడీ, గుట్కా ఇంటికి రానివ్వకండి. పిల్లలకు హెపటైటిస్-బి టీకా తప్పక వేయించండి. అది కాలేయపు కాన్సరును చాలావరకు రాకుండా కాపాడుతుంది. మానని పుండు, కరగని గడ్డ కనిపిస్తే ఆలస్యం చేయకండి. అన్ని యంత్రాలకన్న అది మేలు.

పెద్దాయనకు అయిదుసార్లు కిరణాలిచ్చి ఇంటికి పంపారు. గడ్డ చిన్నదయిందని మొన్నటి పరీక్షలో చెప్పారు. మూడు నెలలకొకసారి మళ్ళీ చూపించుకోవాలి. ముందేమవుతుందో ఇప్పుడే చెప్పలేమని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. పెద్దాయన అన్నం తింటున్నాడు. పొద్దున్నే చెరువుగట్టుదాకా నడుస్తున్నాడు.

ఇంటికి చేరిన రాత్రి కుర్రవాడు పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, తాతయ్య ఒంట్లో ఆ కిరణాలు ఇంకా ఉంటాయా? నేను తాతయ్య పక్కన పడుకోవచ్చా?" అని అడిగాడు.

"దీపం ఆర్పితే గదిలో వెలుతురు ఉంటుందట్రా? ఇవీ అంతే. యంత్రం ఆగగానే కిరణాలూ ఆగిపోయాయి. వెళ్ళి పడుకో," అన్నాను.

వాడు మరి నిలవలేదు. ఆ రాత్రి తాతా మనవడూ ఒకే మంచంమీద పడుకున్నారు.

బాలలూ! మీ తరగతిలో ఎవరి ఇంట్లోనయినా ఇటువంటి జబ్బు ఉంటే, వాళ్ళ పక్కన వెళ్ళి కూర్చోండి. దానికి ఏ యంత్రమూ అక్కరలేదు.